నువ్వుగింజ నానిన నోళ్ళు: ‘ప్రెటీ లిటిల్ లయర్స్’ నవలల్లో స్నేహం, రహస్యం – అమీర్‌పేట హాస్టల్ గది నుంచి ఒక పఠనం

సారాంశం

ఆడవారి నోట్లో నువ్వుగింజ నానదని సామెత. అమెరికన్ రచయిత్రి సారా షెపర్డ్ రాసిన టీనేజి మిస్టరీ నవలామాల ‘ప్రెటీ లిటిల్ లయర్స్’ (2006–2014, 16 నవలలు) ఈ మాటను తిరగేస్తుంది. రహస్యం పొక్కడం కన్నా, నమ్మి చెప్పుకునే మనిషి లేకపోవడమే అందులో అసలు ప్రమాదమని ఈ వ్యాసం వాదిస్తుంది. పరిశీలన మొదటి నాలుగు నవలలకు (2006–2008) పరిమితం.

కీలక పదాలు: అపరాధ పరిశోధన, స్నేహం, రహస్యం, హాస్టల్ జీవితం

1. సామెత వెనుక కథ

భారతయుద్ధం ముగిశాక గానీ కర్ణుడు తన అన్న అని ధర్మరాజుకు తెలియదు. ఆ దుఃఖంలో, ఇకపై ఆడవారి దగ్గర రహస్యం నిలవకూడదని శపిస్తాడు. శాంతిపర్వంలోని ఈ ఘట్టంలో శాపం మనకు గుర్తుంది, కారణం మరుగున పడింది. కుంతి నోరు జారినందుకు రాలేదు ఆ శాపం; కొడుకుల దగ్గర నోరు మెదపనందుకు వచ్చింది. పెళ్ళికి ముందు తల్లి అయిన పిల్ల ఆ మాట ఎవరితో చెప్పుకోగలదన్న ప్రశ్న ధర్మరాజు వేయలేదు. షెపర్డ్ నవలలు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి.

2. నలుగురి మౌనం

ఫిలడెల్ఫియా శివార్లలోని రోజ్‌వుడ్ అనే కల్పిత పట్టణం. ఏడో తరగతి చివర్లో స్నేహితురాలి ఇంట్లో పడుకున్న రాత్రి ఆలిసన్ మాయమవుతుంది. మూడేళ్ళ తర్వాత ఆరియా, స్పెన్సర్, హన్నా, ఎమిలీలకు ‘ఏ’ అన్న సంతకంతో సందేశాలు వస్తాయి. తండ్రికి ఇంకొకరితో ఉన్న సంబంధాన్ని చూసింది ఆరియా. అక్క స్నేహితుణ్ణి ముద్దుపెట్టుకుంది స్పెన్సర్. తిన్నది కక్కేసే అలవాటు హన్నాది. ఆలిసన్ మీదే ప్రేమ పెంచుకుంది ఎమిలీ. ఎవరి గుట్టు వాళ్ళు ఆలిసన్ ఒక్కదానికే తెలుసని నమ్మారు. ఆమె విసిరిన టపాకాయ వల్ల జెన్నా అనే పిల్ల చూపు పోయిన సంగతి మాత్రం అందరూ కలిసి దాచారు. ఆ బరువే వాళ్ళను కట్టిపడేసింది, ఆ బరువే విడదీసింది.

సందేశం వచ్చిన రోజే నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉంటే బెదిరింపుకు సగం బలం పోయేది. మాట్లాడుకోరు. మాట్లాడాలంటే తన గుట్టు తనే విప్పాలి. ఆలిసన్ డైరీ చేతికి చిక్కి ‘ఏ’ పేరుతో బెదిరించే మోనా ఈ భయం మీదే బతుకుతుంది. ఆ మోనా హన్నాకు ప్రాణస్నేహితురాలు.

3. పాఠకురాలు నిలబడే చోటు

కొమ్మూరి సాంబశివరావు (1926–1994) నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ బయటినుంచి వచ్చి చిక్కుముడి విప్పుతాడు. ఆయన విప్పేదాకా పాఠకుడు ఆయన వెంట నడుస్తాడు. షెపర్డ్ కథకు కేంద్రంలో అలాంటి డిటెక్టివ్ లేడు. అధ్యాయానికి ఒకరి చొప్పున నలుగురి మనసుల్లోకీ కథనం వెళుతుంది. కాబట్టి ఏ ఒక్క పాత్రకూ తెలియని నాలుగు గుట్టులూ పాఠకురాలికి తెలుస్తాయి. కథలో అంత తెలిసినది ‘ఏ’ ఒక్కతే. పాఠకురాలు తెలియకుండానే బెదిరించే మనిషి స్థానంలో నిలబడుతుంది. తేడా ఒక్కటే: తెలిసినదాన్ని ఆమె ఆయుధం చేసుకోదు, ఆ పిల్లల కోసం దిగులుపడుతుంది. ఈ నవలల నైతిక బలం ఈ దిగులులో ఉందని నా అభిప్రాయం.

4. ముగ్గురు పంచుకునే గది

రోజ్‌వుడ్‌లో ఒక్కో పిల్లకు ఒక్కో గది, తలుపుకు గడియ. అమీర్‌పేట మైత్రివనం చుట్టూ, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరంలోని పంజాగుట్టలోనూ, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిల హాస్టళ్ళలో ముగ్గురు నలుగురికి ఒకటే గది. మంచానికీ మంచానికీ మధ్య జానెడు చోటు. మిగిలిపోయిన బ్యాక్‌లాగ్, పోయిన ఇంటర్వ్యూ, ఇంట్లో తెలియని ప్రేమ – అమ్మకు ఫోన్‌లో చెప్పని మాట పక్క మంచం మీది అమ్మాయికి చెప్పకుండానే తెలిసిపోతుంది. అంటే ఆ గదిలో ప్రతి అమ్మాయీ షెపర్డ్ పాఠకురాలి స్థానంలోనే ఉంది. తెలిసినదాన్ని ఏం చేయాలన్నది ఆమెకు రోజూ ఎదురయ్యే ప్రశ్న.

ఎవరో తెలియని మనిషి పంపే సందేశం ఇక్కడ కల్పన కాదు. హైదరాబాద్‌లో 2014 అక్టోబర్ 24న మొదలైన పోలీసుల షీ టీమ్స్ దగ్గరికి ఫోన్ వేధింపుల ఫిర్యాదులూ వెళతాయి. ఫిర్యాదు చేసిన అమ్మాయి వివరాలు గోప్యంగా ఉంచుతామన్న హామీ ఆ వ్యవస్థకు ఆయువుపట్టు. రోజ్‌వుడ్ పిల్లలకు దొరకనిది ఆ హామీయే: మాట విని, దాన్ని తమ మీద వాడని మనిషి.

ముగింపు

‘ఏ’ ఎవరన్న కుతూహలం నాలుగో నవలతో ఒకసారి తీరిపోతుంది. తీరని ప్రశ్న వేరు: ఆ నలుగురిలో ఒక్కరైనా ముందే ఎందుకు చెప్పలేదు? తరగతి గదిలో ఈ నవలలను కుంతి కథ పక్కన పెట్టి చదివిస్తే, మనం అమ్మాయిల నోటిని కాక వాళ్ళ చుట్టూ ఉన్న చెవులను పరీక్షించడం నేర్చుకుంటాం. ధర్మరాజు శపించే ముందు ఒక్క క్షణం ఆగి తల్లిని అడగవలసిందీ ఆ చెవుల గురించే.