లాడ్జి గదిలో సిగరెట్ పొగ: రూల్స్ ఏమిటి? పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే ఏం అడగాలి?

కదిరి తేరుకో, పుట్టపర్తికో, లేపాక్షికో పిల్లాపాపలతో బయల్దేరి, రాత్రికి ఒక లాడ్జిలో గది తీసుకుంటారు. తలుపు తీయగానే పాత సిగరెట్ వాసన. లేదా అంతా బాగానే ఉండి, అందరూ పడుకున్నాక పక్క గదిలోంచి పొగ మొదలవుతుంది. పిల్లాడికి ఆయాసం ఉంటే ఆ రాత్రి జాగారమే. ఉత్సవాల రోజుల్లో వేరే గది కూడా దొరకదు.

ఇలాంటప్పుడు చాలామంది 'ఒక్క రాత్రే కదా' అని సర్దుకుపోతారు. రిసెప్షన్‌లో అడిగితే 'గదిలో ఎవరేం చేసుకుంటే మాకేం తెలుస్తుంది సార్' అనే జవాబు వస్తుంది. నిజానికి ఈ విషయంలో రూల్స్ స్పష్టంగానే ఉన్నాయి. ముఖ్యంగా చిన్న లాడ్జిల విషయంలో చట్టం పెద్ద హోటళ్ల కంటే కఠినంగా ఉంది. ఆ సంగతి అతిథులకూ, కొన్నిసార్లు యజమానులకూ తెలియదు.

చట్టం ఏం చెబుతోంది?

సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. దీన్నే కోట్పా అంటారు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని ఈ చట్టంలోని 4వ సెక్షన్ నిషేధిస్తోంది. దీని అమలు కోసం కేంద్రం తెచ్చిన నియమాలు 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతా అమల్లో ఉన్నాయి. ఉల్లంఘిస్తే జరిమానా రూ.200 వరకు ఉంటుంది.

సిగరెట్‌తో పాటు బీడీ, చుట్ట, హుక్కా అన్నీ దీని కిందికే వస్తాయి. ఈ-సిగరెట్ల సంగతి వేరు. 2019లో వచ్చిన ప్రత్యేక చట్టం వాటి తయారీని, అమ్మకాన్ని, నిల్వను దేశమంతటా నిషేధించింది.

30 గదుల లెక్క ఏమిటి?

4వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. 30 లేదా అంతకంటే ఎక్కువ గదులున్న హోటల్, 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూర్చునే రెస్టారెంట్, విమానాశ్రయం... ఈ మూడు చోట్ల మాత్రమే పొగ తాగడానికి ప్రత్యేక స్థలం ఏర్పాటు చేసుకోవచ్చు. అది కూడా తప్పనిసరి కాదు, యాజమాన్యం ఇష్టం.

అంటే 12 గదులో, 20 గదులో ఉన్న లాడ్జికి 'స్మోకింగ్ రూమ్' అని ఇచ్చే అవకాశమే లేదు. 'మీకు స్మోకింగ్ రూమ్ ఇస్తాం, ఇబ్బంది లేదు' అని చిన్న లాడ్జివారు చెబితే, చట్టం వారికి ఇవ్వని వెసులుబాటును వారు మీకు ఇస్తున్నట్టు.

మన వైపు హోటల్ అంటే టిఫిన్, భోజనం దొరికే చోటు కూడా. అనంతపురం నుంచి కదిరి వెళ్తూ ముదిగుబ్బలో టిఫిన్‌కు ఆగారనుకుందాం. అక్కడ పాతిక మందికే కుర్చీలుంటే లోపల పొగ తాగడానికి ఎలాంటి ఏర్పాటూ ఉండకూడదు. కుర్చీలు 30కి పైన ఉన్నా, విడిగా కట్టిన స్మోకింగ్ గదిలో తప్ప టేబుల్ దగ్గర తాగడానికి వీల్లేదు. బార్లకు, కాఫీ షాపులకు, విందు హాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

పెద్ద హోటల్‌లో స్మోకింగ్ రూమ్‌లు ఎలా ఉండాలి?

తలుపు మీద బోర్డు తగిలిస్తే సరిపోదు. నియమాల ప్రకారం:

- స్మోకింగ్ గదులన్నీ ఒకే అంతస్తులోనో, ఒకే వింగ్‌లోనో విడి విభాగంగా ఉండాలి. మూడో అంతస్తులో ఒకటి, మొదటి అంతస్తులో ఒకటి కుదరదు.
- ఆ గదుల మీద ఇంగ్లిష్‌తో పాటు ఒక భారతీయ భాషలో స్పష్టంగా రాసి ఉండాలి.
- పొగ బయటికే పోవాలి. కారిడార్‌లోకి, లాబీలోకి, మామూలు గదుల్లోకి రాకూడదు.

ఇక మిగతా భవనమంతా పొగరహితమే. ప్రతి ప్రవేశ ద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్లు, లిఫ్టుల దగ్గర 'నో స్మోకింగ్' బోర్డు ఉండాలి. దాని సైజు కనీసం 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు కూడా కనిపించేలా రాసి ఉండాలి. పొగ తాగకూడని చోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ పెట్టడమూ నియమాలకు విరుద్ధమే. కాబట్టి మీ నాన్-స్మోకింగ్ గదిలో టేబుల్ మీద యాష్‌ట్రే కనిపించిందంటే, అక్కడ రూల్స్ పట్టించుకోవడం లేదని అర్థం.

కిటికీ తెరిస్తే, ఏసీ వేస్తే సరిపోదా?

సరిపోదు. మన లాడ్జిల్లో ఎక్కువగా కనిపించే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుంది. పొగను బయటికి పంపదు. రూమ్ స్ప్రే వాసనను కప్పుతుంది తప్ప పొగలోని పదార్థాలను తీసేయదు.

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలుంటాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలు. పక్కవారి పొగ పీల్చే పిల్లల్లో ఉబ్బసం ముదరడం, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతాయి. ఇతరుల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగ పోయాక కూడా దాని మడ్డి పరదాలకు, పరుపులకు, గోడలకు పట్టి ఉంటుంది. అమెరికాలోని శాన్ డియాగోలో 40 హోటళ్ల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొన్ని గదుల్లో పొగ తాగనిచ్చే హోటళ్లలో, నాన్-స్మోకింగ్ గదుల్లో కూడా నికోటిన్ అవశేషాలు దొరికాయి. పూర్తి నిషేధం ఉన్న హోటళ్ల కంటే అవి ఎక్కువ. పొగ తాగనివారు అక్కడ ఒక రాత్రి ఉంటే, వారి వేళ్ల మీద, మూత్రంలో కూడా ఆ తేడా కనిపించింది. 'సగం గదుల్లో తాగొచ్చు, సగం గదుల్లో వద్దు' అనే పద్ధతి కాగితం మీద బాగున్నా, గోడల దగ్గర ఆగదన్నమాట.

రోజూ ఆ గదులు ఊడ్చి, దుప్పట్లు దులిపే సిబ్బందికి ఇది ఒక్క రాత్రి సమస్య కాదు. వారికి అదే పనిచేసే చోటు.

నిషేధం పెడితే అతిథులు వెళ్లిపోతారా?

యజమానుల భయం ఇదే. కియా ఫ్యాక్టరీ పనుల మీద పెనుకొండ వైపు వచ్చేవారు, పట్టుచీరల బేరానికి ధర్మవరం వచ్చేవారు, బెంగళూరు నుంచి హిందూపురం మీదుగా లేపాక్షి చూడ్డానికి వచ్చే కుర్రాళ్లు... 'తాగొద్దంటే పక్క లాడ్జికి పోతారు' అనుకుంటారు.

అనుభవం వేరేలా ఉంది. 2006లో వెస్టిన్, ఆ తర్వాత మారియట్ సంస్థలు అమెరికా, కెనడాల్లోని తమ హోటళ్లన్నిటినీ పూర్తిగా పొగరహితం చేశాయి. మారియట్ ఒక్కదానికే అప్పట్లో అక్కడ 2,300కు పైగా హోటళ్లున్నాయి. ఆ తర్వాత వెనక్కి తగ్గలేదు. రెస్టారెంట్లు, బార్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగ నిషేధం వల్ల వాటి వ్యాపారం పడిపోదని 2009లో తేల్చింది.

మన దేశంలో పొగ తాగేవారు తక్కువే. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం పెద్దవారిలో బీడీ, సిగరెట్ లాంటివి తాగేవారు 10.7 శాతం. కుటుంబంతో వచ్చే అతిథుల్లో తాగనివారే ఎక్కువ. అయితే వారు రిసెప్షన్‌కు వచ్చి గొడవపడరు. పొద్దున్నే ఖాళీ చేసి వెళ్లి, మళ్లీ రారు. ఊరెళ్లాక ఆన్‌లైన్‌లో ఒక స్టార్ ఇస్తారు. గట్టిగా మాట్లాడే ఒక్కరి కోపం యజమానికి వినిపిస్తుంది, మాట్లాడకుండా వెళ్లిపోయిన పదిమంది సంగతి తెలియదు.

తిరుమలలో ఎందుకు కుదురుతోంది?

ఇంటి దగ్గర గంటకో సిగరెట్ కాల్చే మనిషి, తిరుమల కొండ మీద గది తీసుకుని రెండు రోజులు ముట్టకుండా ఉంటాడు. పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో దిగినా అంతే. అక్కడా దొంగచాటు ఉల్లంఘనలు ఉండవని కాదు. కానీ అతిథుల్లో అత్యధికులు 'ఇదేం రూలు' అని వాదించరు.

భక్తి ఒక కారణం. అదొక్కటే కాదు. మొదటిది, కొండ మీద తాగకూడదని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అందరికీ తెలుసు. రెండోది, అలిపిరి దగ్గరే తనిఖీ ఉంటుంది, అంటే గదిలోకి వెళ్లాక కాకుండా ముందే ఆపుతారు. మూడోది, రూలు అందరికీ ఒకటే. 'ఆయనకెందుకు ఇచ్చారు' అనే ప్రశ్నకు తావు లేదు.

లాడ్జిల్లో గొడవలు వచ్చేది ఈ మూడూ లేనిచోటే. బుకింగ్‌లో చెప్పరు, చెక్-ఇన్‌లో చెప్పరు, సిగరెట్ వెలిగించాక రూమ్‌బాయ్ వచ్చి తలుపు కొడతాడు. అప్పుడు అతిథికి అది రూలులా కాక, అవమానంలా అనిపిస్తుంది. అదే మాట గది తాళం ఇచ్చేటప్పుడు చెప్పి, 'తాగాలంటే గేటు బయట ఆ పక్కన తాగండి సార్' అని చోటు చూపిస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

గది తీసుకునే ముందు ఏం అడగాలి?

1. 'మీ దగ్గర మొత్తం ఎన్ని గదులున్నాయి?' 30 కంటే తక్కువైతే స్మోకింగ్ రూమ్ అనే మాటే ఉండకూడదు.
2. 'స్మోకింగ్ రూమ్‌లు ఏ అంతస్తులో ఉన్నాయి?' వేరే అంతస్తులో, వేరే వింగ్‌లో గది అడగండి.
3. డబ్బు కట్టే ముందు గది చూడండి. పరదాను, దిండును వాసన చూస్తే తెలిసిపోతుంది.
4. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే 'నాన్-స్మోకింగ్' అని ఎంచుకుని, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

రాత్రి పొగ వస్తే ఏం చేయాలి?

నేరుగా పక్క గది తలుపు కొట్టకండి. అర్ధరాత్రి మాటామాటా పెరిగే ప్రమాదముంది. రిసెప్షన్‌కు ఫోన్ చేసి, 'అన్నా, పక్క గదిలోంచి పొగ వస్తోంది, పాపకు ఆయాసం ఉంది. మీరొచ్చి ఒకసారి చెప్పండి, లేదంటే మాకు గది మార్చండి' అని అడగండి. ఆపాల్సిన బాధ్యత యజమానిది, మేనేజర్‌ది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే, ఎంతమంది ఉల్లంఘించారో అన్ని జరిమానాలు వారి మీదా పడతాయని 2008 నియమాలు చెబుతున్నాయి.

అయినా ఫలితం లేకపోతే, బోర్డులు లేకపోవడం, యాష్‌ట్రేలు పెట్టడం లాంటివి ఫొటో తీసుకోండి. ఎస్సై, ఆ పైస్థాయి పోలీసు అధికారులు చర్య తీసుకోగలరు. శ్రీ సత్యసాయి జిల్లాలోనైతే పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. నాన్-స్మోకింగ్ గదికి డబ్బు తీసుకుని ఇంకోటి ఇచ్చారంటే అది సేవా లోపం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

జరిమానా వేరు, క్లీనింగ్ చార్జీ వేరు

చట్టం ప్రకారం పడే రూ.200 జరిమానాను అధికారం ఉన్న ప్రభుత్వ అధికారే వసూలు చేయాలి, రసీదు ఇవ్వాలి. 'గవర్నమెంట్ ఫైన్' అంటూ హోటల్ సొంతంగా వసూలు చేయకూడదు. హోటళ్లు తీసుకునే క్లీనింగ్ చార్జీ మీకూ, వారికీ మధ్య ఒప్పందం. బుకింగ్‌లోనో, చెక్-ఇన్ కాగితంలోనో అది ముందే ఉంటే కట్టాల్సి వస్తుంది. ఖాళీ చేసేటప్పుడు కొత్తగా చెబితే ప్రశ్నించే హక్కు మీకుంది.

హిందూపురం దాటి కర్ణాటకలోకి వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే జరిమానా రూ.1,000 వరకు ఉంటుంది.

మీరే పొగ తాగేవారైతే?

బాత్‌రూమ్‌లో తాగి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే సరిపోతుందనుకోకండి. చాలా లాడ్జిల్లో ఆ గాలి పక్క గది కిటికీ వైపే పోతుంది. బాల్కనీ గురించి చట్టం విడిగా చెప్పలేదు కాబట్టి హోటల్ రూలు అడిగి తెలుసుకోండి. ఆరుబయట, జనం, పిల్లలు లేని చోటుకు వెళ్లడం మేలు. పొగ తాగాక పీకను నీళ్లలో ఆర్పి పడేయండి. పరుపు మీద, చెత్తబుట్టలో పడిన నిప్పు వల్ల గదులు కాలిపోతాయి.

మానేయాలనుకుంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు. కాల్ ఉచితం.