డేటన్‌లో గీసిన గీత

ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే ఒహాయోలోని మా డేటన్ తెలుగువాళ్ళం చేసే పని ఒకటే: ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి తీసుకెళ్ళడం. టిక్కెట్టు లేదు, ఎండా చలీ బాధ లేదు, రోజంతా ఇట్టే గడిచిపోతుంది. ఆ మ్యూజియం ఉన్న రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలోనే 1995 నవంబరులో ఒక దేశానికి రాజ్యాంగం కుదిరిందని నాకు ఇక్కడ పదేళ్ళు కాపురమున్నాక గానీ తెలియలేదు. చెప్పింది ఆఫీసులో నా పక్కసీటు మిత్రుడు, బోస్నియా వాడు. "మా దేశం పుట్టింది మీ ఊళ్ళోనే" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో సంతోషం కనబడలేదు. అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

యుగోస్లావియా ముక్కలవుతున్న రోజుల్లో, 1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియాలో ముస్లింలు, అంటే బోస్నియాక్‌లు, 43 శాతం పైచిలుకు, సెర్బులు 31, క్రొయేట్లు 17 శాతం. మాట్లాడేది దాదాపు ఒకే భాష. తేడా అంతా మతంలో, చరిత్రని గుర్తుపెట్టుకున్న తీరులో. అయిదు శాతం పైగా జనం ఈ మూడూ కాదు, మేం 'యుగోస్లావ్'లం అని రాయించుకున్నారు. 1992 నుంచి 1995 వరకు సాగిన యుద్ధంలో సుమారు లక్షమంది చనిపోయారు, ఇరవై లక్షలమందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలిపోయారు. ఐక్యరాజ్యసమితి పంపిన శాంతిసేనకి మొదటి సేనాధిపతి మన భారతీయుడే, లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. కానీ నిలపడానికి శాంతి ఉంటేగా శాంతిసేన నిలిపేది! ఆయన వెళ్ళిపోయిన రెండేళ్ళకు, 1995 జూలైలో, సమితి 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలోనే దాదాపు ఎనిమిదివేల మంది మగవాళ్ళని, మగపిల్లలని చంపేశారు.

ఆ తర్వాత నాటో బాంబుదాడులు, ఆ వెనకే సంప్రదింపులు. అమెరికా దూత రిచర్డ్ హోల్‌బ్రూక్ ముగ్గురు అధ్యక్షులని, సెర్బియా మిలోషెవిచ్‌ని, క్రొయేషియా టుడ్జ్‌మన్‌ని, బోస్నియా ఇజెత్‌బెగోవిచ్‌ని, మా ఊరి స్థావరంలో ఇరవైఒక్క రోజులు కూర్చోబెట్టాడు. ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. గొరాజ్దె అనే పట్టణాన్ని సరయేవోతో కలపడానికి ఎంత వెడల్పు దారి ఇవ్వాలన్నది పేచీ. రెండు మైళ్ళు చాలన్నాడు మిలోషెవిచ్. అమెరికన్లు పవర్‌సీన్ అనే కంప్యూటర్ తెర ముందు ఆయన్ని కూర్చోబెట్టి, విమానంలోంచి చూసినట్టుగా ఆ కొండల మీదుగా తిప్పి చూపించారు. అంత ఇరుకులో రోడ్డు పడదని కళ్ళారా చూసి, విస్కీ తాగుతూ తాగుతూ అయిదు మైళ్ళకి ఒప్పుకున్నాడు. అమెరికన్లు దానికి 'స్కాచ్ రోడ్డు' అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

భూమిని 51, 49 శాతాలుగా పంచారు: ఒకటి బోస్నియాక్‌లు, క్రొయేట్ల ఫెడరేషన్, రెండోది సెర్బుల రిపబ్లికా స్ర్‌ప్స్కా. పైన ముగ్గురు సభ్యుల అధ్యక్షమండలి, జాతికొకరు. ఎనిమిది నెలలకొకసారి వంతులవారీగా ఒకరు దాని అధ్యక్షులవుతారు. రాజ్యాంగం ఆ సంధిపత్రానికి నాలుగో అనుబంధం. ప్రజల ఓటుకి ఎవరూ పెట్టలేదు.

ఇంత పేచీలో పనులెలా జరుగుతాయి? జరగవు. అందుకే సంధి అమలు చూడటానికి వచ్చిన విదేశీ అధికారికి, హై రిప్రజెంటేటివ్‌కి, 1997 డిసెంబరులో తానే చట్టం చేసే అధికారాలిచ్చారు. 1998లో ఆయన తెచ్చిన కారు నంబరు ప్లేట్ల సంగతి వినండి. అంతకుముందు ప్లేటు చూస్తే చాలు, బండి ఎవరి ప్రాంతానిదో తెలిసిపోయేది. గీత దాటాలంటే ప్రాణభయం. కొత్త ప్లేట్లలో ఊరి గుర్తు లేదు. సెర్బుల సిరిలిక్ లిపిలోను, మిగతావాళ్ళ లాటిన్ లిపిలోను ఒకేలా ఉండే అక్షరాలు ఏరి, ఏ, ఈ, జే, కే, ఎమ్, ఓ, టీ మాత్రమే వాడారు. ఏడంటే ఏడు అక్షరాలు! ఇన్ని ఒప్పందాల్లోనూ మామూలు మనిషికి ఇంతగా పనికొచ్చింది మరొకటి లేదనిపిస్తుంది నాకు.

ప్లేటు మీద దాచినదాన్ని రాజ్యాంగం మాత్రం దాచనివ్వదు. నా మిత్రుడి తల్లి సెర్బు, తండ్రి బోస్నియాక్. "నేను ఎన్నికల్లో నిలబడాలంటే ముందు అమ్మ మనిషినో నాన్న మనిషినో తేల్చుకోవాలి" అంటాడు. ఇక్కడ మన పిల్లల స్కూలు ఫారాల్లో జాతి గడి నింపేటప్పుడు మనం విసుక్కుంటాం, అంతే. అక్కడ ఆ గడే అర్హత. యూదుడైన యాకోబ్ ఫింత్సి, రోమా జాతివాడైన దెర్వో సేయ్‌దిచ్ అధ్యక్షమండలికి పోటీ చేయలేమని యూరోపియన్ మానవహక్కుల కోర్టుకెక్కి 2009 డిసెంబరులో గెలిచారు. పదిహేనేళ్ళు దాటినా ఆ తీర్పు అమలు కాలేదు. మార్చాల్సింది పార్లమెంటు; అందులో ఉన్నది ఈ పద్ధతి వల్ల గెలిచినవాళ్ళు.

మా వృత్తిలో అర్ధరాత్రి సిస్టం పడిపోతే ముందు ఏదో ఒక ప్యాచ్ వేసి నిలబెడతాం. అది తప్పు కాదు. డేటన్‌లో జరిగిందీ తప్పని నేననను. ఆ సంతకాలతో తుపాకులు ఆగాయి, మళ్ళీ పేలలేదు. కానీ ఆ ప్యాచ్‌ని ఎప్పుడు తీసేయాలో ఎవరూ రాసిపెట్టలేదు. అదే నా ఫిర్యాదు.

2016లో యైత్సె అనే పట్టణంలో, క్రొయేట్, బోస్నియాక్ పిల్లలు కలిసి చదువుకుంటున్న చోట, బోస్నియాక్‌లకి వేరే హైస్కూలు పెడతామన్నారు అక్కడి అధికారులు. పిల్లలే రోడ్డెక్కారు, రెండు జాతులవాళ్ళూ కలిసి. 2017లో అధికారులు ఆ ఆలోచన విరమించుకున్నారు. ఆ వార్త నాకు పంపింది నా మిత్రుడే. యైత్సె వాళ్ళమ్మ పుట్టిన ఊరట.