రంగస్థలం మీద నెత్తురు

సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు నాటకాల గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. మొన్న మా మనుమడు టీవీలో ఏదో సినిమా చూస్తూ, "తాతయ్యా, మీ కాలం నాటకాల్లో ఇట్లా నరుక్కోవడాలు ఉండేవి కావా?" అన్నాడు. ఉండేవి. షేక్స్పియరు నాటకాలనిండా అవే. వాటిని మనవాళ్ళు ఎట్లా ఆడారు, జనం ఎట్లా చూశారు అన్నంతవరకే రాస్తాను.

మన శాస్త్రం ఇందుకు ఒప్పుకోదు. మరణం, యుద్ధం, రాజ్యం పోవడం, పురం ముట్టడి వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకాల్లో మాటలతో తెలియజేయాలని భరతుడు నియమం పెట్టాడు. జి.ఓ. ఉన్నంతమాత్రాన మినహాయింపులు లేకుండా పోతాయా? మన సర్వీసులో చూడలేదూ! హర్షుని నాగానందంలో జీమూతవాహనుణ్ణి గరుత్మంతుడు పొడిచి తింటాడు. దాన్ని తెలుగు చేసినవారు వేదం వేంకటరాయశాస్త్రిగారు. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం వారికి నాటకాలు నేర్పిన మహానుభావుడు ఆయనే. ఆ నాటకంలో హర్షుడు చేసిన పని చూడండి. బలికి వెళ్ళేవాడికి గుర్తు ఎర్రని బట్టలు. తరవాత నెత్తురు అంటిన శిరోరత్నం ఒకటి ఆకాశం నుంచి ముసలి తండ్రి పాదాల దగ్గర పడుతుంది. అది ఎవరిదోనని ఆ ముసలాయన అనుమానపడుతుంటే మన గుండె ఆగుతుంది. చివరకు గౌరీదేవి వచ్చి బతికిస్తుందనుకోండి. మన నాటకాలకు ఆ ముగింపు తప్పదు.

షేక్స్పియరు దగ్గర బతికించే దేవత ఎవరూ రారు. 1876లోనే వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజరును తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. కానీ ఆ విషాదపు పద్ధతి మన రంగస్థలం మీద నిలదొక్కుకున్నది బళ్ళారిలో. ఆనాడు బళ్ళారి, నెల్లూరు రెండూ మద్రాసు రాజధానిలోనివే. అక్కడ వకీలుగా ఉండిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) సారంగధరుని కథ తీసుకున్నారు. సవతితల్లి చిత్రాంగి మాట నమ్మి రాజరాజనరేంద్రుడు కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. జనం చెప్పుకునే కథలో సిద్ధుడొకడు వచ్చి వాటిని మళ్ళీ మొలిపిస్తాడు. ఆచార్యులవారు మాత్రం విషాదంతోనే ముగించి, విషాద సారంగధర అని పేరు పెట్టారు. చెప్పుడుమాట విని నిర్దోషిని చంపుకోవడం ఒథెల్లో కథే కదా! ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) ఆ ఒథెల్లో వేషం ఇంగ్లీషులోనే వేసి మెప్పించాడు.

ఇక అసలు నెత్తురు సంగతి. షేక్స్పియరు కాలంలో లండను నాటకశాలల వాళ్ళు దీనికి మొహమాటపడలేదు. అల్కజార్ యుద్ధం అనే నాటకానికి సంబంధించిన కాగితంలో, ఒక దృశ్యానికి మూడు సీసాల నెత్తురు, ఒక గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు కావాలని రాసి ఉంది. మన స్టోర్సు ఇండెంటు లాగానే!

మాకు అంత బడ్జెట్టు లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు, అవే నెత్తురు. 1970లలో నేను సముద్రతీరపు ఊళ్ళలో పనిచేసేటప్పుడు, ఉద్యోగులం కలిసి ఒక తిరునాళ్ళలో ఒథెల్లో చివరి అంకం తెలుగులో ఆడాము. నాది తెర పక్కన ప్రాంప్టింగు. డెస్డిమోనా వేషం మీసం తీయించుకున్న మగవాడిదే. ముందు వరసల్లో పట్టపుపాలెం ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గొంతు నులిమే ఘట్టంలో నెత్తురు ఒక్క చుక్క ఉండదు. అప్పుడు ఒక ముసలమ్మ లేచి, "ఒరే అబ్బయా, వదిలిపెట్టరా! ఆ గుడ్డ వాడి దగ్గరుందిరా!" అని అరిచింది. ఆ చేతిరుమాలు ఎట్లా చేయి మారిందో కథ చెప్పేటప్పుడే ఆమెకు తెలిసిపోయింది. ఆమె వెనక ఇంకో పదిమంది లేచారు. తరవాత ఒథెల్లో పొడుచుకోవాలి. అంగీలో దాచిన ఎర్రనీళ్ళ బుడగ, కత్తి తీయకముందే పగిలింది. పిల్లలు పకపకా నవ్వారు. చచ్చిపోతున్నవాడికీ నవ్వాగలేదు.

ఆ రాత్రి నుంచి నాకొక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని బలపరచే సాక్ష్యం షేక్స్పియరులోనే ఉంది. మనలో చాలామంది కాలేజీలో చదివిన యాంటొనీ ఉపన్యాసం గుర్తు చేసుకోండి. సీజరు శవం అక్కడే ఉన్నా, ముందు చూపేది కత్తిపోట్లతో చిరిగిన పైవస్త్రాన్ని. జనం దాన్ని చూసే ఏడుస్తారు.

షేక్స్పియరు నాటకాల్లోకెల్లా ఘోరమైనది టైటస్ ఆండ్రానికస్. అందులో లవీనియా అనే పిల్ల చేతులూ నాలుకా కోస్తారు. 1955లో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డులో పీటర్ బ్రూక్ దాన్ని ఆడించినప్పుడు, నెత్తురుకు బదులు వివియన్ లీ మణికట్ల నుంచి, నోటి నుంచి ఎర్రరిబ్బన్లు వేలాడదీశాడు. నాగానందంలో ఎర్రబట్టలు, ఇక్కడ ఎర్రరిబ్బన్లు! 2014లో లండనులోని కొత్త గ్లోబు నాటకశాలలో అదే నాటకాన్ని నెత్తురు పారించి ఆడితే, చూసేవాళ్ళు పలువురు మూర్ఛపోయారని పత్రికలు రాశాయి. కళ్ళు తిరిగి పడిపోవడం వేరు, ముసలమ్మ లేచి అరవడం వేరు. నా ఓటు ముసలమ్మకే.

మన నెల్లూరు కథే ఒకటి చెప్పి ముగిస్తాను. మనుమసిద్ధి కొలువులోని ఖడ్గతిక్కన, కాటమరాజుతో యుద్ధంలో సేన నశించి ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ ఆడవాళ్ళకు పెట్టినట్టు నులకమంచం చాటున నీళ్ళు తోడి, పసుపుముద్ద పెట్టింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. కొడుకు గాయాలు చూసి గర్వపడే తల్లి షేక్స్పియరు కొరియొలేనస్ నాటకంలోనూ ఉంది. కానీ ఆమె చాలా మాట్లాడుతుంది. చిన్నప్పుడు మా బడిలో పెద్దపిల్లలు ఈ ఘట్టం ఆడగా చూశాను. కత్తి లేదు, ఎర్రనీళ్ళు లేవు. ఒక కంచం, ఒక చెంబు. ఆ చెంబులోంచి పాలు ముద్దలు ముద్దలుగా కంచంలో పడుతుంటే, గోలచేస్తున్న మేమందరం నోళ్ళు మూసుకున్నాము. తిక్కన వేషం వేసిన కుర్రవాడు అన్నం ముట్టకుండా లేచి, మళ్ళీ యుద్ధానికి తెర వెనక్కి వెళ్ళిపోయాడు.