కరామాలో ఎదురెదురు తలుపులు

దుబాయ్‌లో అప్పట్లో లోకల్ ఫోన్ ఉచితం. ఎతిసలాత్ వాళ్లు ల్యాండ్‌లైన్‌కి అద్దె తీసుకునేవారే గానీ, ఊళ్లో ఎంతసేపు మాట్లాడినా బిల్లులో ఒక్క లైను పడేది కాదు. 1990ల మొదట్లో కరామాలో పదహారేళ్ల ప్రేమల చరిత్ర రాయాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి. ఎదురెదురు ఫ్లాట్ల మధ్య ఫోనెందుకంటారా? తలుపు తీస్తే చప్పుడవుతుంది కదా!

మాది వరంగల్ జిల్లా. నాన్న అకౌంటెంటు. ఎదురింటి వాళ్లది కరాచీ. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలని నియమం. అందుకే కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి క్యాంపుల్లోనే బతికారు. జీతం సరిపోయినవాళ్లు అద్దె సరిపోయిన చోట దిగేవారు. మన ఊళ్లలో వాడలు కులాన్ని బట్టి ఉంటాయి. ఇక్కడ ఇరుగుపొరుగుని నిర్ణయించింది అద్దె.

ఆ ఇంటికి విజిట్ వీసా మీద దాదీ వచ్చింది. మొదటి రోజే మా అమ్మతో "నక్కో", "హౌ" అంటూ మాట్లాడేసరికి అమ్మ తెల్లబోయింది. అది కరాచీ ఉర్దూ కాదు, మన దక్కనీ! 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు నుంచి కరాచీకి వెళ్లిన కుటుంబాల్లో వాళ్లదొకటి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేటే ఉంది. దాని పచ్చళ్లకి ఊరంతా పేరు. దాదీ చేసిన ఖట్టీ దాల్ మా ఇంటికి, అమ్మ పెట్టిన గోంగూర వాళ్లింటికి. గిన్నెలు మోసే పని మా ఇద్దరిదీ. మిగతాది మీరూహించుకోగలరు.

1991 అక్టోబరు 25న షార్జాలో ఫైనల్. ఆకిబ్ జావేద్ వరసగా మూడు బంతుల్లో రవిశాస్త్రిని, అజరుద్దీన్‌ని, సచిన్‌ని అవుట్ చేశాడు. ఇల్లంతా కేకలేస్తుంటే దాదీ మాత్రం "పాపం, మా హైదరాబాద్ పిల్లాడు మొదటి బంతికే పోయాడే" అని అజర్ కోసం బాధపడింది. అతను నవ్వాపుకోలేక నావైపు చూశాడు. ఆ చూపు మా అమ్మ కూడా చూసింది.

అమ్మ కోప్పడలేదు. "తాతయ్యకేం చెప్తావే?" అంది, అంతే. మా తాతయ్య రజాకార్ల దాడులకి భయపడి రాత్రికి రాత్రి ఊరొదిలి బెజవాడ చేరినవాడు. దాదీ పుట్టిల్లు ఉస్మానాబాద్ వైపు. అక్కడేం జరిగిందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసిందనీ, ఉస్మానాబాద్ బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటనీ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలీలేదు. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు మరి. ఒకే ఏడాది ఒకే సంస్థానంలో చెదిరిన రెండిళ్లు నాలుగడుగుల కారిడార్‌కి అటూ ఇటూ గిన్నెలు మార్చుకున్నాయన్నమాట.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలింది. గిన్నెలు ఆగాయి. ఫోను ఆగలేదు.

మమ్మల్ని విడదీసింది మాత్రం మతం కాదు, వీసా. ఆడపిల్ల పెళ్లయ్యేదాకా తండ్రి వీసాలో ఉండొచ్చు. మగపిల్లాడికి పద్దెనిమిది నిండాక ఉండాలంటే అప్పట్లో చదువుతున్నట్టు కాగితం కావాల్సి వచ్చేది. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే అదీ రద్దే. పన్నెండో క్లాసు అయ్యాక మాలాంటి వాళ్లకి దుబాయ్‌లో చదువులు చాలా తక్కువ. బిట్స్ పిలానీ 2000లో, నాలెడ్జ్ విలేజ్ 2003లో వచ్చాయి. 1993లో అతను ఇంజనీరింగ్‌కని కరాచీ వెళ్లాడు. ఆరు నెలలకోసారి టికెట్టు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. నేను ఆ మరుసటేడు హైదరాబాదు వచ్చేశాను. మా క్లాసులో ఇలా తెగినవి ఇంకా ఉన్నాయి. ఇండియా వాళ్లిద్దరైతే సెలవుల్లోనైనా కలుసుకునేవారు. మాకు ఆ దారీ లేదు.

2022 అక్టోబరులో కొడుకుల వయోపరిమితిని 25కి పెంచారు. వార్త చదివి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, ఏడేళ్లు.

అతను వెళ్లిన నెల నేనొక్కసారే ఆ నంబరుకి చేశాను. మూడు నిమిషాలు. విదేశీ కాల్ కదా, బిల్లులో పడింది. నాన్న ఆ లైను దగ్గర పెన్ను ఆపాడు. నావైపు చూడకుండానే బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, కట్టడానికి వెళ్తూ గుమ్మంలో అడిగాడు: "దాదీ ఎలా ఉందట?"