వీధిబడి నేర్పిన విచక్షణ



నలుగురు కలిసి పనిచేయు చోట ఎవరియందు ఏ నేర్పున్నదో కనిపెట్టుట పెద్దరికపు లక్షణము. సేద్యములో మీరిది చక్కగా నెరుగుదురు. విత్తనము చల్లు చేయి వేరు, కుప్పవేయు చేయి వేరు. పసిపిల్లల బడియందును ఈ విచక్షణయే వలయును. మన వీధిబడులకు ఇది పూర్వమే తెలిసియుండెను.

1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని బడుల లెక్కలు పంపుడని కలెక్టరుల నాజ్ఞాపించెను. మన ఓరుగల్లు అప్పుడు నిజాము రాజ్యములోనిది గావున ఆ లెక్కలోనికి రాలేదు. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మాత్రము మిక్కిలి వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడులలో 226 తెలుగువి, 235 కన్నడమువి.

ఐదవయేట బాలునిచే గణపతిని ప్రార్థింపజేసి, పంతులు వేలు పట్టి బియ్యములో దేవుని నామము వ్రాయించును. పిమ్మట ఇసుకలో అక్షరములు దిద్దుట. బడిలో సాధారణముగా నాలుగు తరగతులు. పై తరగతులను పంతులు స్వయముగా చూచుకొనును. క్రింది తరగతులను కొంతవరకు పెద్దపిల్లల కప్పగించి, అందరిమీదను ఒక కన్ను వేసియుండును. చిన్నవానికి చెప్పుటచే పెద్దవాని చదువు గట్టిపడును. ఇదియే ఇందలి మర్మము. దీనిని క్యాంబెల్ దొర మెచ్చుకొని, ఇంగ్లాండువారు అనుకరించుట తగినదే యనెను.

ఆ అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. అతడు 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారియై, దేశీయ బాలకులు ఇసుకలో దిద్దుట చూచి, తన బడిలోను పెట్టదలచెను. ఉపాధ్యాయులు సాధ్యము గాదనిరి. అంతట బెల్, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల సిపాయికొడుకును అక్షరముల తరగతికి నియమించెను. బాలుడు నెగ్గెను. బెల్ 1797లో లండనులో పుస్తకము ప్రకటింపగా, ఇది మద్రాసు పద్ధతి యని ప్రసిద్ధికెక్కెను.

అయినను వీధిబడి నిర్దోషము గాదు. అర్థము తెలియక వల్లించుట అందు మెండు. 6,641 మందిలో బాలికలు 60 మందియే! స్త్రీల నేర్పును ఆ బడి చూడనేలేదు.

నేడో, తొలి అక్షరము స్త్రీల చేతిలోనే యున్నది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడీలను తెచ్చినది. అందు టీచరు ఒకరు, ఆయా ఒకరు. ఓరుగల్లు చెంత నొక అంగన్‌వాడీలో, టీచరు రిజిస్టర్లు వ్రాయుచుండగా, ఏడ్చు పిల్లవానిని ఆయా చంకనెత్తుకొని, చెట్టు క్రింద ఆకులు లెక్కింపించుచు కథ చెప్పుట చూచితిని. మెచ్చుకొనగా, “నాకేం సదువొస్తది సారూ, వంట చేసేదాన్ని” అనెను.

ఆ మాట నన్ను గ్రుచ్చినది. నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా, ఇంపుగా పాడగల సహోపాధ్యాయునిచే ఏండ్లతరబడి హాజరుపట్టీలే వ్రాయించితిని. ఆయన పదవీవిరమణ దినమున పాడగా విని సిగ్గుపడితిని. అప్పటికి పిల్లలకు జరిగిన నష్టము తీరునది గాదు.

కావున పెద్దలారా, మీ యూరి అంగన్‌వాడీకి వెళ్ళినపుడు బియ్యపు బస్తాలను మాత్రమే లెక్కింపకుడు. “అమ్మా, నీకేది బాగుగా వచ్చును?” అని టీచరును, ఆయాను వేరువేరుగా నడుగుడు. కథ చెప్పగల యామెకు దినమున కొక గడియ కథకై విడువవలెనని, ఆ గడియలో వంటపనికి ఊరివారు తోడుపడవలెనని గ్రామసభలో చెప్పుడు. వాడని కొడవలి తుప్పుపట్టును, నేర్పును అట్టిదే.