జోకర్: వేషం పాతది, ఉద్యోగం కొత్తది

కిషన్‌బాగ్ కొట్టులో కొన్నా, కాలిఫోర్నియాలో కొన్నా పేక విప్పగానే 52 ముక్కలకు తోడు గంటల టోపీ విదూషకుడు కనిపిస్తాడు. ఆ వేషం చూసి, 15వ శతాబ్దంలో ఇటలీలో పుట్టిన టారో పేకలోని వెర్రివాడే జోకర్‌గా మారాడని చాలామంది నమ్ముతారు. పోలిక వేషం వరకే. జోకర్ పుట్టింది 1860ల అమెరికాలో, యూకర్ అనే ఆట కోసం. అందులో తురుఫు రంగు జాకీది పైచేయి. ఎరుపైతే ఎరుపు, నలుపైతే నలుపు, రెండో జాకీది దాని తర్వాతి స్థానం. ఆ రెండింటినీ కొట్టే ముక్క ఒకటి ఆటగాళ్లకు కావాల్సి వచ్చింది. 1863లో శామ్యూల్ హార్ట్ కంపెనీ 'ఇంపీరియల్ బోవర్' పేరుతో దాన్ని అచ్చు వేసింది. విదూషకుడి బొమ్మ స్థిరపడింది ఆ తర్వాతే. పైగా పాత టారో ఆటల్లో వెర్రివాడు పట్టు గెలవడు. అడిగిన రంగు వేయాల్సిన గండం నుంచి ఆటగాణ్ని తప్పించడమే వాడి పని. యూకర్ ముక్క అన్నింటినీ కొట్టేస్తుంది. ఇంత ఎదురు పని చేసేవాడు వారసుడెలా అవుతాడు?

మనకు గంజీఫా అనే పేక ముందే ఉంది కదా, నిర్మల్‌లో ఆ ముక్కలకు చేత్తో రంగులద్దేవారు కదా అనవచ్చు. నిజమే. కానీ మొగల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. ప్రతి రంగులో రాజు, మంత్రి, పది అంకెలు. రంగు లేని ముక్కకు అందులో చోటే లేదు.

అసలు సాక్ష్యం మన పదమూడు ముక్కల రమ్మీలోనే ఉంది. పంపకం కాగానే ఒక ముక్క తిప్పుతారు. ఇస్పేటు తొమ్మిది వస్తే ఆ ఆటకు తొమ్మిదులన్నీ జోకర్లే. బొమ్మతో నిమిత్తం లేదు, జోకర్ అంటే ఒక ఉద్యోగం, అంతే. యూకర్‌లో అందరినీ కొట్టినవాడు ఇక్కడ లేని ముక్కకు బదులు నిలబడతాడు. ఆ సాయానికీ హద్దుంది: జోకర్ సాయం లేని సీక్వెన్స్ ఒకటైనా లేకుండా షో చేస్తే చెల్లదు. జోకర్ ఉన్నాక రమ్మీ అదృష్టమే కదా అనేవారికి ఇదొక జవాబు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పేనని, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని చెప్పింది. ఆ తీర్పును చూపి పందెం కాసే వీలు మాత్రం ఇప్పుడిక్కడ లేదు: 2017లో తెలంగాణ చట్టం మార్చి, నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపు తీసేసింది.