చీటీ వేరు, సరుకు వేరు

మా లింబాయత్‌లో తెలుగు నేతకార్మికుల చేతుల్లోకి కూడా స్టెమ్‌సెల్ కరపత్రాలు వస్తున్నాయి. "ఇన్ని లక్షల సిడి34 కణాలు" అని రాసి, మోకాళ్ళ నొప్పులు పోతాయంటారు. ఏమిటీ సిడి34?

రక్తాన్ని పుట్టించే మూలకణం మైక్రోస్కోపులో చూస్తే మామూలు చిన్న తెల్లకణంలాగే ఉంటుంది. అది ఉందని 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ చూపారు: రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కిస్తే ప్లీహంలో రక్తకణాల బొడిపెలు లేచాయి. 1984లో అమెరికాలో సివిన్ బృందం మూలుగలోని లేత కణాల పైపొర మీద ఒక గుర్తు పట్టింది. అదే సిడి34. మూలుగ మార్పిడిలో ఆ లెక్క నిజంగా అవసరమే. కాని ఆ గుర్తున్న కణాల్లో అసలు మూలకణాలు బహు కొద్ది. స్టోర్స్ ఆడిట్‌లో పెట్టె మీది చీటీ చూసి సరుకు ఉన్నట్టు రాసుకునేవాళ్ళం కాదు, పెట్టె తెరిపించేవాళ్ళం.

స్టాన్‌ఫర్డ్‌లో వైస్‌మన్ బృందం 1988లో చేసిందీ అదే. ఎలుక మూలుగను అనేక గుర్తులతో వడకట్టి, మిగిలిన కణాలను ప్రాణాంతక రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు ఎక్కించింది. 30 కణాలతో సగం ఎలుకలు బతికాయి! 1996లో జపాన్‌లో నకౌచి బృందం ఇంకో తమాషా బయటపెట్టింది: ఎదిగిన ఎలుకల్లో అసలు మూలకణాల మీద సిడి34 దాదాపు ఉండనే ఉండదు. అలాంటి కణం ఒక్కటి ఎక్కిస్తే నూటికి 21 ఎలుకల్లో దాని సంతతి రక్తం దీర్ఘకాలం తయారైంది.

కరపత్రంలో ఎక్కించి చూసిన లెక్క ఎక్కడా లేదు.